రింగు కింద జగ్గప్ప

మా వీధిలో ఝాన్సీ ఇల్లెక్కడ అని అడిగితే పాలు పోసే మనిషి కూడా బండి ఆపి చూపిస్తాడు. జగ్గమ్మ ఇల్లు అడగండి. కాసేపు బుర్ర గోక్కుని, "ఎవులు, ఆ పొడుగామేనా?" అంటాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. నేను బట్టలు కుట్టుకునే రేఖని, రాతకోతలు నా పని కాదు. అయినా ఆ పొడుగామె పక్కన నిలబడి ఆడినదాన్ని గనక ఆమె సంగతి నేనే చెబుతాను. నచ్చనివాళ్ళు చెవులు మూసుకోవచ్చు.

జగ్గమ్మని మేం జగ్గప్ప అంటాం, అప్ప అంటే మా వైపు అక్క. ఆమె పొడుగన్న మాట నిజమే. మా పాతపట్నంలో పాత ఇళ్ళ గుమ్మాలన్నీ ఆమె నుదుటికి తెలుసు. భర్త చినబాబు మావ ఆమె భుజం దాకా వస్తాడు, అంతే. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ సంతకి వెళ్తే ఎవడో వెనక నుంచి కూత పెట్టాడట. మావ నవ్వి ఊరుకున్నాడు. ఆమె ఊరుకోలేకపోయింది. ఆ రోజు నుంచి మెడ వంచి, నడుం వంచి నడవడం అలవాటు చేసుకుంది. నలభై దాటేసరికి ఆ వంపు ఒంట్లో కలిసిపోయింది, పడుకున్నప్పుడు తప్ప పోయేది కాదు.

ఎకరన్నర పొలం, రెండు గేదెలు, మంచం మీద అత్తగారు, ఎదిగిన కొడుకులు ఇద్దరు. పొద్దున్న లేస్తే మళ్ళీ నడుం వాల్చేదాకా ఆమెకి చేతి నిండా పనే. ఆ ఇంట్లో ఎవరూ ఆమెని కొట్టలేదు, తిట్టలేదు. పనిమంతురాలని పేరు కూడా ఉంది. మా ఇళ్ళలో ఆడదానికి అంతకన్నా పెద్ద బిరుదు ఎవరూ ఇవ్వరు.

హైస్కూలు వెనక పెద్ద సిమెంటు గచ్చు ఉంది. రెండు కొసలా రెండు స్తంభాలు, వాటికి బోర్డులు, రింగులు. అది బాస్కెట్‌బాల్ కోర్టు. కాని పంట ఇంటికొచ్చే రోజుల్లో మాకు అదే కళ్ళం. ధాన్యమైనా, మేం చోళ్ళనే రాగులైనా అక్కడ ఎండినంత బాగా ఇంకెక్కడా ఎండవు. జగ్గప్ప కాపరానికి వచ్చినప్పటి నుంచీ తన చోళ్ళు అక్కడే ఆరబోస్తోంది. ఆ రింగులు దేనికప్పా అని ఒకసారి అడిగితే, "పిట్టలు రాకండా పాత సీర కట్టడానికి కాదేటి?" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అలా అనుకుంది. పాత చీరని ఉండచుట్టి కింద నుంచి రింగులోకి విసిరి, అవతలి వైపు జారిన కొస పట్టుకుని ముడేసేది. నిచ్చెన అడిగేది కాదు.

పంటలు లేని రోజుల్లో ఆ గచ్చు భారతి వదినది. వదినకి బజారులో పిండిమర ఉంది. మర మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఊరవతలికి వినిపిస్తుంది. పెళ్ళికి ముందు జిల్లా జట్టుకి ఆడిన మనిషి. సాయంత్రం మర ఆపి, ఒంటి మీద పిండి కూడా దులుపుకోకుండా కోర్టుకి వెళ్ళి ఆడపిల్లలకి ఆట నేర్పేది. పైసా పుచ్చుకునేది కాదు. ఆ పిల్లల్లో నిప్పుకణిక ఝాన్సీ. జగ్గప్ప తమ్ముడు ధనరాజ్ కూతురు. ఆ పిల్ల బంతి పట్టుకుని పరిగెడుతుంటే బడికి తాళం వెయ్యడానికి వచ్చిన వాచ్‌మన్ కూడా తాళం చేత్తో పట్టుకుని నిలబడిపోయేవాడు.

పోయిన ఏడు జూన్‌లో రాజాం నుంచి రమేష్‌బాబు అనే ఆయన కారులో దిగాడు. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో ఆటల మాస్టారు. వదిన తయారు చేసిన పిల్లలందరి ఇళ్ళకీ వెళ్ళి, ఫీజు లేదు, హాస్టలు ఉచితం, బూట్లు ఉచితం అని చెప్పి జట్టుకి జట్టునే ఎత్తుకుపోయాడు. పిల్లల తల్లిదండ్రుల్ని ఏమనగలం? వదిన ఏమీ అనలేదు. నేను మాత్రం చాలా అన్నాను, ఇప్పటికీ అంటాను. ఏరు దాటించిన తెప్పని తగలెయ్యడం అంటే ఇదే.

ఝాన్సీ ఒక్కతే వెళ్ళలేదు. ఆయనకి కావలసిందేమో ఆ పిల్లే. పిండిమర దగ్గరికే వచ్చాడు. నేను చోళ్ళ డబ్బాతో వరసలో నిలబడి ఉన్నాను.

"ఇంత మంచి ప్లేయర్ని ఈ పిండిలో పెట్టుకుని ఏం చేస్తారమ్మా?" అన్నాడు వదినతో, నవ్వుతూనే.

వదిన నోరు తెరిచేలోపే ఝాన్సీ అందుకుంది. "నాకు బాల్ పట్టుకోడం నేర్పింది ఈ పిండిలోనేనండి. నాను రాను."

"డిసెంబర్లో మా రాజాంలో మహిళల ఓపెన్ టోర్నమెంటు. జిల్లా జూనియర్ జట్టుకి పిల్లల్ని అక్కడే ఎంచుతారు. వచ్చే ఏడు నీకు వయసు దాటిపోతుంది. జట్టు లేకుండా ఒక్కదానివే వచ్చి ఏం ఆడతావమ్మా?" అన్నాడు. తర్వాత వదిన వైపు తిరిగి, "పిల్ల భవిష్యత్తు పాడుచెయ్యకండి. డిసెంబరు లోపల మీరే పంపిస్తారు, చూడండి" అన్నాడు.

"పంపించను. నానే తీసుకొస్తాను, జట్టుతో తీసుకొస్తాను. ఈ గుంట సుట్టూ కడతాను జట్టు. మీరే సూద్దురు గాని" అంది వదిన, ఝాన్సీ భుజం మీద చెయ్యి వేసి. మా వైపు ఆడపిల్లని గుంట అంటాం.

ఆయన కారు ఎక్కాక వదిన మొహం చూశాను. జట్టు ఎక్కడి నుంచి తేవాలో ఆమెకి తెలియదు. ఆడే వయసున్న పిల్లలు ఊళ్ళో లేరు, ఉన్నవాళ్ళని తల్లులు పంపరు. ఆమె చటుక్కున మర ఆపేసింది. మోత ఆగేసరికి వరసలో ఉన్నవాళ్ళందరం తల తిప్పాం. వదిన బల్ల కింద నుంచి బంతి తీసి, మాటా పలుకూ లేకుండా మా మీదికి విసరడం మొదలుపెట్టింది. ఒకామె కెవ్వుమని తప్పుకుంది. ఒకామె బియ్యం గంప ఒలకబోసుకుని తిట్టింది. నేను ఎలాగో పట్టుకున్నాను. కూరగాయలమ్మే అమ్మడు పట్టుకుంది. అంగన్‌వాడీ టీచరు అనూరాధ పొట్టకి అదిమి పట్టుకుంది. చివర్న తల వంచుకుని నిలబడ్డ జగ్గప్ప, నెత్తి మీద డబ్బాని ఒక చేత్తో పట్టుకునే ఉండి, రెండో చేత్తో బంతిని ఆపేసింది.

"మీరు నలుగురూ రేపు తెల్లారే కోర్టుకి రండి" అంది వదిన. "ఓపెన్ టోర్నమెంటుకి వయసు అడగరు."

"నీకు మతి పోయినాదేటి? నా పెద్దోడికి పెళ్ళి సంబందాలు సూత్తన్నాం" అంది జగ్గప్ప.

"నీ మేనకోడలికి ఆడటానికి జట్టు నేదు అప్పా."

జగ్గప్ప తెల్లారి అందరికన్నా ముందు వచ్చింది. చీపురు కూడా తెచ్చుకుంది.

ఇంట్లో గొడవ జరగకపోలేదు. మంచం మీద నుంచి అత్తగారు, "ముసిలి వయసులో గెంతులేటే, సిగ్గు నేదా?" అంటే, "గుంట కోసం అత్తా" అందట. కొడుకులు మొహాలు ముడుచుకుంటే, "గుంట కోసంరా." ఎవరేమన్నా ఆమెకి అదొక్కటే జవాబు. తన కోసం ఏదైనా చేస్తానంటే ఊరు ఒప్పుకోదు గాని, ఇంకొకరి కోసం అంటే ఆడదాన్ని ఎంతైనా చెయ్యనిస్తుంది. మా ఆయన గోపి మాత్రం, "నువ్వు బాల్ కొడితే రింగు ఊడిపోతాదే" అని వెక్కిరించాడు. నాలుగు రోజులు ఉప్పు లేని కూర వండి పెట్టాను, మానేశాడు.

బట్టలు నేనే కుట్టాను. వదులుగా పైజామాలు, మోచేతుల దాకా చొక్కాలు. జగ్గప్ప కొలతలు తీసేటప్పుడు ఎంత చెప్పినా నిటారుగా నిలబడలేదు. చివరికి గోడకి ఆనించి నిలబెట్టి కొలిచాను.

ఆట నేర్చుకోవడం అంటే మాటలు కాదు. బంతి నేలకి కొడుతూ నడవాలి, చేత్తో పట్టుకుని పరిగెడితే తప్పు. రింగు కింద గీతల లోపల మూడు సెకన్లకి మించి నిలబడితే తప్పు. దాని మీద జగ్గప్ప వదినతో పెద్ద తగువే పెట్టుకుంది. "నిలబడితే ఎవుల సొమ్ము పోయినాదే?" అనేది. కాని నేర్చుకుంది. లోపలికీ బయటికీ అడుగులు మార్చుకుంటూ అక్కడే తిరిగేది. పైకి లేచిన బంతి ఆమెని దాటిపోయేది కాదు. అందుకున్న బంతిని అందుకున్నట్టే ఝాన్సీకి ఇచ్చేసేది. మేమూ అంతే. ఎవరి చేతికి బంతి చిక్కినా మా కళ్ళు ముందు ఝాన్సీని వెతికేవి. వదిన మురిసిపోయేది. పిల్ల చుట్టూ జట్టు కట్టడమంటే ఇదే కదా అనుకుంది, మేమూ అదే అనుకున్నాం.

నవంబరు వచ్చేసరికి కోర్టు నిండా నరసింగరావు గారి ధాన్యం. ఆయన పెద్ద రైతు, బడి కమిటీలో మనిషి. "ఆటలేటి, పంట పోతే ఎవులిత్తారు?" అని కసిరాడు. జగ్గప్ప తన చోళ్ళ బస్తాలు ఆయన కళ్ళ ముందే భుజానికెత్తుకుని ఇంటి డాబా మీదికి మోసుకుపోయింది. "నావి తీసినాను బావా. మీయి కూడా నన్నే తియ్యమంటారేటి?" అంది. ఆయన సగం కోర్టు వదిలాడు. సగం కోర్టులోనే ఆడాం, కాలు జారితే ధాన్యం మీద పడేవాళ్ళం.

డిసెంబర్లో ధనరాజ్ సామాన్ల ఆటోలో రాజాం వెళ్ళాం. మమ్మల్ని చూసి గేటు దగ్గర కుర్రాడు, "వంట మనుషులు వెనక నుంచి రావాలమ్మా" అన్నాడు. వదిన వాణ్ణి కడిగేసింది, ఆ వివరాలు ఇక్కడ వద్దు.

మొదటి ఆట విజయనగరం నుంచి వచ్చిన క్లబ్బు మీద. గెలిచాం. కొట్టిందంతా ఝాన్సీయే. రెండో ఆట సాయంత్రం, రమేష్‌బాబు గారి కాలేజీ జట్టు మీద. అంటే మా ఊరి పిల్లల మీదే. ఝాన్సీ ఎటు తిరుగుతుందో, ఎప్పుడు ఎగురుతుందో వాళ్ళకి తెలుసు, పొద్దున్న మా ఆట కూడా చూశారు. ముగ్గురు ముగ్గురు ఆ పిల్ల మీద పడిపోయారు. మిగతా నలుగురినీ గాలికొదిలేశారు. అమ్మడు ఖాళీగా ఉంది, నేను ఖాళీగా ఉన్నాను. జగ్గప్ప రింగు కిందే బంతితో ఒంటరిగా ఉంది. ఉండి, ఆ ముగ్గురి మధ్యలో చిక్కుకున్న ఝాన్సీ వైపే విసిరింది. ప్రతిసారీ వాళ్ళు అందుకుపోయారు. సగం ఆట ముగిసేసరికి చాలా వెనకబడ్డాం. బల్ల దగ్గర కూర్చుని పిల్లల్ని ఎంచేవాళ్ళు ముగ్గురూ మా వైపు చూడటమే మానేశారు.

వదిన మమ్మల్ని గోడ వారగా కూర్చోబెట్టింది. తిడుతుందనుకున్నాం.

"అప్పా, రింగు కింద నీ మీద ఎవులూ నేరు. బాల్ నీ సేతిలోనే ఉన్నాది. ఎందుకు కొట్టవు?"

"గుంట ఉన్నాది కదా" అంది జగ్గప్ప.

"గుంట సుట్టూ ముగ్గురున్నారు."

"ఉంటే? ముందు గుంటకే కదా ఇవ్వాల."

వదిన ఇంకో మాట ఎత్తింది. "మీ ఇంట్లో ఆకర్న తినేదెవులు?"

"నానే. ఇప్పుడదెందుకు?"

"ఏటి తింతావు?"

"ఉన్నది తింతాను."

"ఏటీ నేకపోతే?"

"గంజి తాగి తొంగుంటాను. ఎవులింట్లో నేదే ఈ బాగోతం?"

వదిన మా ముగ్గురి వైపూ తిరిగింది. మేం ముగ్గురం నేల చూపులు చూశాం. చిన్న చేప ముక్క దాకా పిల్లలకి వేసి, పులుసు కలుపుకు తినే చేతులే అన్నీ.

"మీరు ఇక్కడ కూడా వడ్డిత్తన్నారు. ఆడట్నేదు" అంది వదిన. ఆమె గొంతు అంత మెల్లగా నేనెప్పుడూ వినలేదు. "నానూ అదే నేర్పినాను మీకు. గుంటకి ఇవ్వండి, గుంటకి ఇవ్వండి అని. తప్పు నాది."

జగ్గప్పకి కోపం వచ్చింది. "మావు కొడితే గుంటకి పాయింట్లు తగ్గిపోవా? ఆ బల్ల కాడ కూకున్నోళ్ళు ఎవుల్ని సూడాల? దాన్నే కదా. దానికి మళ్ళీ ఏడు నేదు. నాను కొట్టీసి ఏటి సేసుకుంతాను?"

జగ్గప్ప మాటలో తప్పు లేదు మరి. మేం వచ్చిందే ఝాన్సీని ఎంచుతారని. ఆ పిల్ల పేరు పక్కన పాయింట్లు లేకపోతే మేమంతా ఎందుకొచ్చినట్టు?

మాట్లాడింది ఝాన్సీయే. తల మీద నీళ్ళు పోసుకుని మా ముందు గొంతుక్కూర్చుంది.

"అత్తా, ముగ్గురు మీద పడితే నాకు ఊపిరాడతన్నేదు. నువ్వు కొట్టు. నీ కాడికి ఒకర్తి పోయినా నాకు దారి దొరుకుతాది. దొరక్కపోయినా కొట్టు. బాల్ నాను తెచ్చి ఇత్తాను. ఈ పూట నాను వడ్డిత్తాను, మీరు తినండి."

"మరి నీ సెలెక్సను?"

"వత్తే వత్తాది, పోతే పోతాది. ఓడిపోయి ఆళ్ళ కారు ఎక్కడం మాత్రం నా వల్ల కాదు."

రెండో సగం మొదలైంది. ఝాన్సీ బంతితో లోపలికి దూసుకెళ్ళింది, ముగ్గురూ ఆమె మీదికి వెళ్ళారు, బంతి జగ్గప్ప చేతికి వచ్చింది. ఆమె కొట్టిన దెబ్బకి బంతి బోర్డు మీదుగా అవతల పడింది. మెట్ల మీద కుర్రాళ్ళు నవ్వారు. "ముసలమ్మకి చోళ్ళు దంచే చెయ్యిరా" అన్నాడొకడు. రెండోసారి రింగుకి తగిలి తిరిగొచ్చింది. మళ్ళీ నవ్వారు. నాకు బూతులు వచ్చాయి గాని విజిల్ పట్టుకున్నాయన పక్కనే ఉన్నాడు. ఝాన్సీ మాత్రం ఏ మొహమాటమూ లేకుండా మూడోసారీ అక్కడికే తెచ్చి ఇచ్చింది.

మూడోది పడింది. జగ్గప్ప ఆ రింగు వంకే చూస్తూ నిలబడిపోయింది. అవతలి పిల్లలు బంతి పట్టుకుని మా వైపు పరిగెడుతున్నా కదల్లేదు. అనూరాధ వెళ్ళి చెయ్యి పట్టి లాగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి పడింది. నేను ఒకటి కొట్టాను, నా మొగుడు చూడలేదే అని ఏడుపొచ్చింది. అమ్మడు రెండు కొట్టింది. రమేష్‌బాబు గారు అరిచి అరిచి, ఝాన్సీ మీద నుంచి ఒక పిల్లని జగ్గప్ప మీదికి పంపాడు. ఆ పిల్ల వచ్చి ఎదురుగా నిలబడితే జగ్గప్ప ఏం చేసిందో తెలుసా? నడుం ఎత్తింది. మొత్తం ఎత్తింది. నేను గోడకి ఆనించి కొలిచిన మనిషి గోడ లేకుండా నిలబడింది. ఆ పిల్ల తల ఆమె గడ్డం దాకా కూడా రాలేదు.

ఆఖరి నిమిషానికి ఒక్క పాయింటు వెనకున్నాం. నేను కొట్టింది రింగుకి తగిలి లేచింది, జగ్గప్ప అందుకుంది. కొట్టడమే తరువాయి. కాని ఆమె ఆగిపోయింది. తల తిప్పి ఝాన్సీని చూసింది. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న అలవాటు, ఒక గంటలో పోతుందా? ఆఖరి బంతి కదా, బల్ల దగ్గరున్నవాళ్ళు చూస్తున్నారు కదా, పిల్లకే దక్కాలి అనుకుని ఉంటుంది. ఝాన్సీ పక్కన ఇద్దరున్నారు, అయినా చెయ్యి చాస్తే అందేదే. ఆ పిల్ల అత్త కళ్ళలోకి చూస్తూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

జగ్గప్పకి ఇక ఇచ్చే చోటు లేదు. రింగు వైపు తిరిగి కొట్టింది. బంతి పడింది, విజిల్ మోగింది.

అరిచామో ఏడ్చామో నాకు సరిగ్గా గుర్తు లేదు. కాసేపటికి బల్ల దగ్గర పేర్లు చదవడం మొదలుపెట్టారు. అంతకుముందు రమేష్‌బాబు గారు అక్కడికి వెళ్ళి, రెండో సగంలో ఆ అమ్మాయి పెద్దగా కొట్టిందేమీ లేదండీ అనడం నేను చెవులారా విన్నాను. పెద్దావిడ ఒకామె, ఒకప్పుడు ఆడిన మనిషట, కాగితం మీద నుంచి తలెత్తకుండా, "కొట్టించింది కదండీ" అంది. తర్వాత చదివిన పేర్లలో మూడోది ఝాన్సీది. భారతి వదిన ఉన్నచోటే నేల మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. ధనరాజ్ కూతుర్ని ఎత్తుకోబోయి ఎత్తలేకపోయాడు.

జగ్గప్ప మా దగ్గరికి రాలేదు. పేర్లన్నీ చదివేదాకా నిలబడి విన్నది. కాగితం మడిచాక నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. దండం పెట్టి రావడానికి వెళ్తోందనుకున్నాను.

"నా పేరేదీ?" అంది.

బల్ల దగ్గరున్న కుర్రాడికి అర్థం కాలేదు. "ఏ పేరమ్మా?"

"జగ్గమ్మ. పాతపట్నం. ఆకరి బాల్ కొట్టినాను. నా పేరు సదవనేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మడికి కూడా నవ్వొచ్చింది, నేను గిల్లాను. ఆ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. ఇది పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లల జాబితా అమ్మా, ఇందులో పెద్దవాళ్ళ పేర్లు రాయకూడదు అన్నాడు. వెనకటి జగ్గప్ప అయితే కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి పరిగెత్తేది. ఈ జగ్గప్ప అరచెయ్యి బల్ల మీద ఆనించి, ఆ నవ్వులన్నీ ఆగేదాకా నిలబడింది.

"గుంట పేరు రాసినారు, సంతోసం. నాను గుంట కోసమే వచ్చినాను. గాని బాల్ నాను కొట్టినాను."

"నిజమేనమ్మా. కానీ ఈ కాగితంలో రాయడానికి లేదు."

"అయితే ఇంకో కాయితం తియ్యి" అంది జగ్గప్ప.